రెండెత్తుల్లో అయిపోయే ఆట

రెండెత్తుల్లో ఆట కట్టేసే దారి శంకరరావుకు కనబడుతూనే ఉంది. మంత్రిని మూలకు తోసి, ఏనుగును దించితే బాలశౌరి రాజు పని సరి. అయినా మహానుభావుడు ఓ మూల బంటును ముందుకు జరిపి కూర్చున్నాడు.

రాత్రి షిఫ్టు పొద్దున్నే దిగి, మూతలు పడుతున్న కళ్ళతో కార్ఖానా కూలీలుండే క్యాంప్ 2 బస్తీ దాకా సైకిలు తొక్కుకొచ్చింది ఆటకోసం కాదు. ఒక్క మాట చెప్పడానికి. బాలశౌరిని పర్మనెంటు చెయ్యడం లేదు. ఈ నెలాఖరుతో కాంట్రాక్టు పనికీ ఆఖరే. "మీవాడే కదా, నువ్వే చెప్పు" అని ఫోర్‌మన్ చేతులు దులుపుకున్నాడు. తీరా వచ్చేసరికి బాలశౌరి అరుగుమీద పావులు పేర్చుకుని ఎదురుచూస్తున్నాడు. సరే, ఆట అయ్యాక చెబుదామనుకున్నాడు శంకరరావు. ఇప్పుడు ఆట అయిపోతుందేమోనని భయం పట్టుకుంది.

బాలశౌరి మాత్రం కబుర్లలో ఉన్నాడు.

"మా కార్ఖానాలో రష్యా ఇంజినీరు చెప్పాడు గురూ. ఆళ దేశంలో మిషనుకి చదరంగం నేర్పతన్నారట. ముందర గెలిస్తే చాలన్నారట. అదేమో గెలుపు చేతిలోనే ఉంది కదా అని ఇటూ అటూ తిరగడమే గాని ముగించదట. అప్పుడు, దగ్గిర దారుంటే అదే మంచిదని మళ్ళీ నేర్పారట."

"ఏ దారైతే ఏటి? గెలుపు గెలుపే కదా" అని శంకరరావు ఇంకో బంటు జరిపాడు.

అంతలో వీధిలో తాతబ్బాయి మేస్త్రి సైకిలు ఆపాడు. బొకారోలో కడుతున్న కొత్త కార్ఖానాకు మనుషుల్ని తీసుకెళ్తున్నాడు.

"ఆఖరుసారి అడగతన్నాను బాలశౌరీ. ఒక్కడికే చోటుంది. సాయంత్రం బండికే ఎల్లాల. రానంటే చినబాబుకి ఇచ్చెస్తాను."

"నానెందుకొస్తాను మేస్త్రీ? నాకిక్కడే పర్మనెంటు అయిపోతాది. చినబాబుకే ఇచ్చీ."

ఇప్పుడైనా నోరు విప్పాలి. వీధిలో నలుగురూ వింటుండగా ఆ మాట ఎలా అనడం అని శంకరరావు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తల వంచుకుని ఏనుగును వెనక్కి లాగాడు. మేస్త్రి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. శంకరరావుకు అక్కడే అరుగుమీద పడి నిద్రపోతే బాగుండుననిపించింది.

పొద్దు వాలేదాకా ఆట ఈడుస్తూనే ఉన్నారు. సాయంత్రం బండి కూత వేసుకుంటూ వెళ్ళిపోయింది. బాలశౌరి ఎత్తు వెయ్యకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రెండెత్తుల్లో కట్టీడానికి నీకు ఇందాకట్నుంచీ ఉంది గురూ. నువ్వు చూడలేదంటే నానొప్పుకోను. ఆట అయిపోతే నాకేటో చెప్పాల నువ్వు. ఏటది?"

"పర్మనెంటు లేదురా. ఉన్న పని కూడా ఈ నెలతో సరి."

"ఎప్పుడు తెలిసింది?"

"షిఫ్టు దిగినప్పుడు."

"అయితే మేస్త్రి వచ్చేటప్పటికే నీకు తెలుసు."

శంకరరావు తలూపాడు. తిట్టినా బాగుండేది. బాలశౌరి తిట్టలేదు. పావులన్నీ తీసి డబ్బాలో వేస్తున్నాడు.

లోపలినుంచి అతని భార్య డోర్కాస్ టీ గ్లాసులతో వచ్చింది.

"పర్మనెంటు కబురేటైనా తెలిసిందా అన్నయ్యా? క్వార్టరిస్తే ఈ రేకుల కొంప వదిలీసి మరోదా కాలనీకి ఎల్లిపోదామని ఈయనతో రోజూ అంటన్నాను."

శంకరరావు బాలశౌరి వైపు చూశాడు, వాడే అందుకుని చెబుతాడేమోనని.

"నాకేసి చూడకు" అన్నాడు బాలశౌరి. "నువ్వే చెప్పు. తిన్నగా చెప్పు."

శంకరరావు అందుకున్న గ్లాసు కింద పెట్టేశాడు.

"రాదమ్మా. బొకారో పని కూడా నా మూలానే పోయింది."