మట్టి నింపిన బ్యాటు

యశ్వంతనగర్ హైస్కూలులో భౌతికశాస్త్రం బోధించి రిటైరైన గురునాథ్ మాస్టారు, ఆ బడి మైదానంలోనే ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నాడు. బ్యాటు ఊపడంలో రహస్యమేమీ లేదని, నడుము ముందు తిరిగితే చేతులు దాని వెంటే వస్తాయని ఆయన అనేవాడు. వినూత ఆ మాటను అందరికంటే బాగా ఒంటబట్టించుకుంది. బళ్ళారిలో జరిగే ఎంపికలో నెగ్గితే క్రీడా హాస్టల్లో సీటు, దానితోపాటు కాలేజీ చదువు. వయసు నిబంధన ప్రకారం ఆమెకిదే చివరి అవకాశం. నెగ్గకపోతే పదో తరగతితో చదువు చాలునని తండ్రి జగదీశ్ ముందే తేల్చేశాడు.

దసరా సెలవుల తరువాత ఆ పిల్ల ఊపు చెడింది. వెనక భుజం కిందికి జారుతోంది. బంతి దాటిపోయాక బ్యాటు వస్తోంది. ఎంత సరిదిద్దినా మరునాటికి మళ్ళీ అదే. ఎంపిక ఇంకో వారం ఉందనగా, ఇంట్లో సాధన చేసే బ్యాటు తెమ్మన్నాడు మాస్టారు. ఆ అల్యూమినియం బ్యాటు అందుకోగానే ఆయన మణికట్టు వంగిపోయింది. కొన మూత ఊడదీసి వంచితే బొలబొల ఎర్రమట్టి రాలింది. ఇనుప ఖనిజం పొడి.

ఖనిజం లారీలు నడిపించే జగదీశ్ ఒకప్పుడు ఆయన శిష్యుడే. అడిగితే దాచలేదు.

“లోపలంతా డొల్ల ఉండాది సార్. ఖాళీ లారీ గుద్దితే గోడకు గీత పడతాది, లోడు లారీ గుద్దితే గోడే ఉండదు. ద్రవ్యరాశి పెరిగితే బలం పెరుగుతాదని మీరే చెప్తిరి గదా.”

“వేగం సంగతీ చెప్తినప్పా.”

“మా పిల్లకు వేగం ఉండనే ఉండాది. లేంది బరువే.”

మాస్టారు మట్టంతా పారబోయించి, ఆ వారం రోజులూ తేలిక బ్యాటుతోనే ఆడించాడు. చేతిలో ఏమీ లేనట్టుందని వినూత గొణిగేది. బ్యాటు ఖాళీ అయినంత సులువుగా ఒళ్ళు ఖాళీ కాదు.

బళ్ళారిలో మొదటి బంతికే ఆమె భుజం జారింది. వేసిన బంతుల్లో ఒక్కటీ బ్యాటుకు తగల్లేదు. ఎంపిక చేసేవారు మర్యాదగానే మరో పిల్లను పిలిచారు.

గేటు దగ్గర జగదీశ్ కోపంగా లేడు. “మీరు మట్టి తీసేస్తిరి సార్, దానికే పోయె,” అన్నాడు.

భుజం ఎందుకు జారిందో, ఆలస్యం ఎక్కడ మొదలైందో మాస్టారు వరుసగా వివరించాడు. అతడు తరగతిలో కూర్చున్నంత శ్రద్ధగా విని తలూపాడు. వాదించి ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి. చివరికి పిల్లవైపు తిరిగాడు.

“నువ్వయినా చెప్పమ్మా. ఏ బ్యాటుతో నీ ఊపు చెడింది?”

“బరువుదైతే తగులుతా ఉండె సార్.”

తండ్రికి భయపడి అన్న మాట కాదది. ఆమె నిజంగానే నమ్ముతోంది.

జగదీశ్ కూతురి సంచి భుజాన వేసుకుని, సోమవారం నుంచి లారీ ఆఫీసులో ఫోన్లు చూసుకోమన్నాడు. ఆమె సరేనంది.