రెండువందల ముప్ఫై రెండు సీసాలు

ఆగస్టు వచ్చిందంటే ముసలి ఒడెస్సా వంటింట్లో కాలు పెట్టడానికి చోటుండదు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతుంటాయి. బల్ల నిండా పీచ్ పండ్ల తొక్కలు, కిటికీ గట్టు మీద కడిగి బోర్లించిన గాజు సీసాలు. ముందు పీచ్ పండ్లు, తర్వాత బెండకాయలు, పచ్చి టమాటాలు, ఆఖర్న రోజులు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి ఇవన్నీ ఒంటి చేత్తో నిలవ పెట్టుకుంటుంది.

రోజులు నిలవ పెట్టడం ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది. ఎవరో మనల్ని బల్ల ముందు కూర్చోబెట్టి, ఫోను చెవికి ఆనించి నిలబెట్టి, రేపు రమ్మని తిప్పి పంపి పాడుచేసిన రోజు ఉంటుంది కదా, అలాంటి రోజే పనికొస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి చొక్కా విప్పించి సీసా మీద పట్టుకుని పిండుతుంది. మూత బిగించి మరిగే నీళ్ళలో పావుగంట ఉంచుతుంది. చల్లారేటప్పుడు మూత టక్కుమని లోపలికి దిగితే ఆ రోజు నిలవుంటుంది. తనంతట తాను పాడుచేసుకున్న రోజుకి మాత్రం మూత దిగదు. పక్కింటి యూలా కొడుకు బీరు తాగి పడుకున్న శనివారాన్ని తల్లి మొహం చూసి రెండుసార్లు ఉడకబెట్టింది, దిగలేదు. "నీ కొడుకు శనివారం నీ కొడుకుదే, తీసుకుపో" అని సీసా యూలా చేతిలో పెట్టింది.

ఈ రెండేళ్ళలో సామాన్ల గదిలో అరలన్నీ ఒకే మనిషి రోజులతో నిండిపోయాయి. ఆ మనిషి ఆమె కూతురు వెర్లీన్ టోల్బర్ట్. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆర్కన్సా ఊళ్ళో సర్కారు వారి సైనికుల ఆసుపత్రి ఒకటుంది. అందులో లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. రక్తపు మరక ఏ నీళ్ళలో పోతుందో, ఏ యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. సూపర్‌వైజరు పని ఖాళీ అయినప్పుడల్లా అర్జీ పెట్టింది. మూడుసార్లూ నల్లమనిషైన ఆమెని కాదని తెల్లకుర్రాడినే తెచ్చి పెట్టారు, ముగ్గురికీ పని ఆమే నేర్పింది. మూడోవాడు వచ్చిన మొదటి రోజు "వేడినీళ్ళ కుళాయి ఎక్కడండీ?" అని ఆమెనే అడిగాడు. పైగా మేనేజరు నవ్వుతూ, "నువ్వు కిందే ఉంటే బాగుంటుంది వెర్లీన్, మీవాళ్ళతో బాగా కలిసిపోతావు" అన్నాడు. ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే ఫిర్యాదు రాసిచ్చింది.

ఫిర్యాదు వచ్చాక నూట ఎనభై రోజుల్లో విచారణ పూర్తి చెయ్యాలని ఆసుపత్రికి గడువు. వాళ్ళు నాలుగువందల పన్నెండు రోజులు తీసుకున్నారు. గడువు దాటిన రోజు నుంచి వెర్లీన్ ప్రతి రోజూ ఫోను చేసింది. ఆసుపత్రి లాయరు వెండెల్ ప్రుయిట్ ఒకటే పాట పాడేవాడు. "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది మేడమ్."

"నూట ఎనభై అని మీ కాగితంలోనే ఉంది కదండీ?"

"అది మాకు సూచన లాంటిది. మీ గడువులు మాత్రం గడువులే, మర్చిపోకండి."

దొరల గడువు సూచన, దాసీ గడువు శాసనం. తమ గడువుని సూచన అని రాసుకున్నవాడెవడో తన ఇంట్లో మూడుసార్లు వెనక్కి నెట్టించుకున్న మనిషిని చూసి ఉండడు. గడువు దాటిన రోజులు రెండువందల ముప్ఫై రెండు. అన్ని రోజులూ ఒడెస్సా కూతురి చొక్కా పిండింది. అన్ని మూతలూ టక్కుమన్నాయి.

"ఎందుకమ్మా ఈ చెత్తంతా? మొక్కజొన్న పిండి పెట్టుకోవడానికి చోటు లేదు" అని వెర్లీన్ విసుక్కునేది.

"ఎవడో పారేసిన రోజు చెత్త కాదే. పరాయి సొత్తు. పరాయి సొత్తు జాగ్రత్త పెట్టాలి" అనేది తల్లి.

చివరికి విచారణ ముగిసింది. వివక్ష ఏమీ జరగలేదని ఆసుపత్రి తన మీద తానే తీర్పు చెప్పుకుంది. దాని మీద పైవాళ్ళకి అప్పీలు చేసుకోవడానికి ముప్ఫై రోజులు గడువిచ్చింది. ఈ అప్పీలు పోతే వెర్లీన్‌కి ఇంకో దారి లేదు. లాయరుని పెట్టుకునే స్తోమత లేదు, రిటైరయ్యేలోగా ఇంకోసారి ఆ పని ఖాళీ కాదు.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. కవరు తెరిచిన ఆదివారం నుంచి ముప్ఫయ్యో రోజు మంగళవారం. ఆ మంగళవారం పొద్దున్న కాగితాలన్నీ సర్ది బల్ల మీద పెట్టి లాకెట్‌ని పిలిచింది. పర్విస్ లాకెట్ యూనియన్‌లో నలభై ఏళ్ళు కొట్లాడి రిటైరైన మనిషి, ఆమె తరపున మాట్లాడేది ఆయనే. కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పుతూ, తిప్పుతూ, రిజిస్టరు పోస్టు చీటీ దగ్గర ఆగాడు.

"చెల్లీ, ఇక్కడ బుధవారం అని ఉందే. సంతకం ఎవరు పెట్టారు?"

వెర్లీన్ వంగి చూసింది. తల్లి దస్తూరీ. వణుకుతున్న 'ఒ', పక్కనే చిన్న శిలువ.

"కవరు చేతికొచ్చింది బుధవారం. తెరిచింది ఆదివారం" అన్నాడు లాకెట్ నెమ్మదిగా. "ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టి తీసుకున్నా నువ్వు తీసుకున్నట్టే. గడువు మొన్న శుక్రవారంతో అయిపోయింది."

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సర్కారు నుంచి ఏ కవరొచ్చినా బైబిల్లో పెట్టి ఉంచుతారు. ఆదివారం చర్చిలో తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చునే చర్చి అమ్మలు దాని మీద చేతులు పెట్టి ప్రార్థించాకే తెరుస్తారు. ఒడెస్సాకి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకి భూమి గురించి కోర్టు నుంచి ఒక కవరొచ్చింది. ఆయన వరండాలో కూర్చుని తెరిచాడు. నలభై ఎకరాలు పోయాయని చదువుకుని, ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒంటరిగా ఏ కవరూ తెరవలేదు.

ఇవన్నీ తెలిసినా వెర్లీన్ ఆగలేకపోయింది.

"నాలుగు రోజులమ్మా! నాలుగు రోజులు బైబిల్లో పెట్టి కూర్చున్నావు! నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా? వాళ్ళు నన్ను పంతొమ్మిదేళ్ళు తొక్కారు, ఇప్పుడు నువ్వు కూడానా?"

ఒడెస్సా చేతిలో పీచ్ పండు అలాగే ఉండిపోయింది. "మంచే జరగాలనే కదే పెట్టాను" అంది.

"చర్చి అమ్మలు చేతులు పెట్టాలి కాబట్టి ఆలస్యమైందని రాస్తే వాళ్ళు వింటారా అన్నా?"

"వినరు. నవ్వుకుంటారు" అన్నాడు లాకెట్. ఆయనకీ ఒళ్ళు మండుతోంది. "వాళ్ళు రెండువందల ముప్ఫై రెండు రోజులు ఆలస్యం చేస్తే అడిగే నాథుడు లేడు. నువ్వు నాలుగు రోజులు ఆలస్యం చేస్తే తలుపు మూత. నలభై ఏళ్ళుగా ఇదే చూస్తున్నాను, థూ."

ఒడెస్సా పండు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని సామాన్ల గదిలోకి వెళ్ళింది. ఏప్రన్ కొంగులో నాలుగు సీసాలు పెట్టుకుని బయటికొచ్చింది.

"ఊరికే ఏడుస్తూ కూర్చుంటారా? పోస్టాఫీసు పదకొండింటికి సద్దుమణిగి ఉంటుంది. పదండి" అంది. "చెంచా తీసుకో వెర్లీన్. నువ్వే తినాలి, రోజులు నీవి."

పోస్టాఫీసులో బల్ల వెనక క్లియోఫస్ ఉన్నాడు. సీసాలు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఎన్ని రోజులు అత్తా?"

"నాలుగు. శుక్రవారం దాకా."

"అయితే మధ్యలో ఆదివారం వస్తుంది. అప్పుడు షట్టరు దిగుతుంది, నేనేం చెయ్యలేను. వెనకాల వాళ్ళలో ఎవరికైనా తొందరుంటే ముందే చెప్పండి" అన్నాడు వరసలో ఉన్నవాళ్ళకి. ఎవరూ కదల్లేదు. కరెంటు బిల్లు పట్టుకుని నిలబడ్డ ఆవిడైతే "శుక్రవారమా? నా బిల్లుకి కూడా గడువు అప్పుడే" అని ఒకడుగు ముందుకేసింది.

వెర్లీన్ మొదటి సీసా మూత తీసింది. ఎక్కడ మూత తీస్తే అక్కడే రోజు వెనక్కి జరుగుతుంది, కానీ లోపలున్నది చివరి చెంచా దాకా తినాలి. అది చల్లారిన కాఫీలా, ఫోనులో వాయించే సంగీతంలా ఉంది. తింటుంటే ఆ రోజంతా మళ్ళీ చెవుల్లో మోగింది. పరిశీలనలో ఉంది మేడమ్. పరిశీలనలో ఉంది. గోడ మీద క్యాలెండరు సోమవారానికి వచ్చింది. రెండో సీసా తిన్నాక దీపాలు ఆరిపోయాయి, షట్టరు గడగడమని దిగింది. చీకట్లో అందరూ నిలబడ్డారు. ఆదివారం కాబట్టి క్లియోఫస్ మెల్లగా ఒక కీర్తన ఎత్తుకున్నాడు, కరెంటు బిల్లు ఆవిడ వంత పాడింది. తల్లి చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి వెర్లీన్ వీపు మీద ఆనింది. వెర్లీన్ ఆ చేతిని తోసెయ్యలేదు.

మూడో సీసాకి దీపాలు వచ్చాయి. నాలుగో సీసా అన్నిటికన్నా చేదు. ఆ రోజే ప్రుయిట్ నవ్వుతూ "మీకు ఇంకేం పని లేదా మేడమ్?" అన్నాడు. వెర్లీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదది, కోపం. చెంచా సీసా అడుక్కి తగిలే దాకా గీకి గీకి తినేసింది.

వీధిలోంచి వేగిన చేపల వాసన వచ్చింది. చర్చి హాల్లో శుక్రవారం చేపల భోజనం.

"శుక్రవారం" అన్నాడు క్లియోఫస్. ముద్ర గట్టిగా కొట్టాడు. తర్వాత ఆవిడ బిల్లు మీద కూడా కొట్టాడు. అందరూ తలుపు తోసుకుని బయటి మంగళవారంలోకి నడిచారు.

అప్పీలు గడువులోనే వచ్చిందని పైవాళ్ళు రాశారు. ఏడాది దాటాక నవంబరులో తీర్పు వచ్చింది. ఒడెస్సా సంతకం పెట్టి, ఆదివారం దాకా ఆగకుండా ఆ నిమిషమే లాండ్రీకి ఫోను చేసింది. యూలానీ ఇంకో ఇద్దరు చర్చి అమ్మలనీ ఇంటికే పిలిపించింది. వాళ్ళు వంటింట్లో నిలబడే కవరు మీద చేతులు పెట్టారు. వివక్ష జరిగిందని, సూపర్‌వైజరు పని వెర్లీన్‌కి ఇవ్వాలని అందులో ఉంది. దాన్ని కాదనడానికి ఆసుపత్రికి ముప్ఫై రోజులు.

ముప్ఫై ఒకటో రోజు మధ్యాహ్నం వాళ్ళ వరండా మెట్ల దగ్గర ఒక కారు ఆగింది. మెడకి టై బిగించుకుని, మోకాళ్ళ దాకా వేట బూట్లతోనే ఒక మనిషి దిగాడు. వెర్లీన్ ఆయన్ని మొదటిసారి చూడటం అదే, గొంతు విని గుర్తుపట్టింది.

"వెండెల్ ప్రుయిట్‌ని మేడమ్. ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. తీర్పు మా ఆఫీసుకొచ్చిన రోజు నేను బాతుల వేటకెళ్ళాను. ఎవరో సంతకం పెట్టి బల్ల మీద పడేశారు. నేను తెరిచిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాను." ఆయన టోపీ చేతిలో పట్టుకుని తిప్పాడు. "ఒక్క రోజు తేడా. మీ అమ్మగారి దగ్గర సీసాలున్నాయని ఊళ్ళో చెప్పారు. ఒక్కటి ఇస్తే..."

లోపల అరల్లో రెండువందల ఇరవై ఎనిమిది ఉన్నాయి. వెర్లీన్ జాలీ తలుపు వెనకనుంచి ఆయన్ని తల నుంచి బూట్ల దాకా చూసింది. పంతొమ్మిదేళ్ళు, మూడు అర్జీలు, నాలుగు చేదు సీసాలు అన్నీ ఆమె గొంతు దాకా వచ్చాయి. అరవలేదు. ఆయన తనతో ఎంత మర్యాదగా మాట్లాడేవాడో అంత మర్యాదగానే మాట్లాడింది.

"మీ విన్నపం పరిశీలనలో ఉందండీ" అని తలుపు వేసింది.

ఆయన చీకటి పడేదాకా వరండాలో నిలబడ్డాడు. ఉదారంగా ఉందామని ఒడెస్సా బయటికెళ్ళి ఆయన కోటు అడిగి తెచ్చింది. సీసా మీద పిండి, మూత బిగించి, పావుగంట ఉడకబెట్టి, పక్కన పెట్టి చెవి ఒగ్గింది. తల్లీకూతుళ్ళిద్దరూ చాలాసేపు విన్నారు. మూత దిగలేదు. ఒడెస్సా కోటు తిరిగిచ్చేసి, సీసా కడిగి, మధ్యాహ్నం మిగిలిన ఆకుకూర చారు అందులో పోసుకుంది.