అక్క వాటా నేల

నా మనసులో ఇరవై ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. మనిషి చనిపోతే ఆమెకు మనం పడిన బాకీ ఏమవుతుంది? దేవుడి దగ్గరికి చేరుతుందా, లేక ఆమె ఎక్కడో కూర్చుని ఎదురుచూస్తూనే ఉంటుందా?

ఒకసారి పాస్టరు లెబోనా గారిని అడిగాను. "యేసుప్రభువు మన అప్పులన్నీ సిలువ మీద తీర్చేశాడు, మాపులే" అన్నారు. ప్రభువు తీర్చింది పాపాల అప్పు. నాది అలుకు అప్పు.

మా చర్చి సెంకూ నది లోయలో ఉంది. రాతి గోడలు, మట్టి నేల. ఆ రాళ్ళను మా అమ్మమ్మల కాలపు ఆడవాళ్ళు ఏటి నుంచి నెత్తిన మోసుకొచ్చారు. నేలను మేము పంచుకున్నాం, ఒక్కొక్కరికి ఒక వాటా. పండుగ ముందు శనివారం ఎవరి వాటా వాళ్ళు పేడతో, ఎర్రమట్టితో అలికి, తడి మీద వేళ్ళతో దుక్కి చాళ్ళలా గీసేవాళ్ళం. గీతలు చూడగానే అది ఎవరి చెయ్యో తెలిసిపోయేది. ఒకరి వాటా ఇంకొకరు అలికితే అది బదులు. ఆ బదులు తీరిన రోజు ఇద్దరూ వాటా అంచున అరచేతులు పక్కపక్కనే ఒత్తేవాళ్ళు. అంతటితో చెల్లు.

నా తోడికోడలు మాతెబెలో అక్కకు కొడవలి తగిలి కుడిచేతి ఉంగరం వేలు పోయింది. అందరి చాళ్ళూ నాలుగేసి పడితే ఆమెవి మూడేసి పడేవి, మధ్యలో వెడల్పు సందుతో. నాకు కొడుకు పులే పుట్టి, వాడి పేరుతో నేను మాపులే అయింది ఈస్టరు ముందటి శనివారం. నేను నొప్పులు పడుతుంటే నా వాటా కూడా అక్కే అలికింది. సాయంత్రం పేడ చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం గొంతే నీ కొడుక్కి! పాస్టరయ్యేలా ఉన్నాడు. నాకొక అలుకు బాకీ పడ్డావే పిల్లా, గుర్తుపెట్టుకో. సంకటి పెట్టి సరిపుచ్చుతానంటే ఊరుకోను."

"వచ్చే పండక్కి తీర్చేస్తానక్కా."

"తొందరేముంది? నాకు అవసరం పడినప్పుడు అడుగుతాలే."

అడగలేదు. ఆ చలికాలం పొయ్యికంపకని కొండెక్కి మంచులో చిక్కుకుపోయింది. ఆమెను మట్టిలో పెట్టిన వారమే చర్చికి కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం వచ్చింది. అప్పటి పాస్టరు చెక్కలు పరిపించి, దాన్ని సరిగ్గా అక్క వాటా మీద పెట్టించారు. ఇక అక్కడ అలుకుతో పని లేకపోయింది.

ఆ హార్మోనియం ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. పండుగ ముందు మేము అలుకుతుంటే, ఎవరూ తొక్కకుండానే, దాని అడుగు స్వరం ఒకటి సన్నగా మూలిగేది. "ముసల్దానికి మళ్ళీ నడుం పట్టింది" అని నా పక్క వాటా మాథాబో అందరినీ నవ్వించేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇప్పుడు దిగువన ఆనకట్ట కట్టారు. వచ్చే వానలకు లోయంతా మునుగుతుందట. సమాధులను ముందే పైకి తరలించారు. అక్క ఎముకలూ వెళ్ళాయి. అక్క వెళ్ళిందా అన్నదే నా అనుమానం. నీళ్ళు వచ్చాక ఆ నేల నాకు మళ్ళీ దొరకదు.

చివరి ఆరాధన ఆదివారం ఉదయం జరిగింది. రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు పాస్టరు గారు చదువుతుంటే, ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడ్డారు. చివరికి కూర్చున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. తరవాత బైబిలు, ప్రభువు బల్ల మీది ద్రాక్షరసం గిన్నె, గంట బయటికి వెళ్ళాయి. మగవాళ్ళు హార్మోనియం ఎత్తారు. నా పులే కూడా ఒక కొస పట్టాడు. చెక్కలు తీయగానే పచ్చిపేడ వాసన గుప్పుమంది.

కింద నేల తడిగా మెరుస్తోంది. మూడేసి చాళ్ళు, మధ్యలో వెడల్పు సందు, చెయ్యి ఇప్పుడే తీసినట్టు. అదీ సగం వరకే. మిగతా సగం ఎండిన దుమ్ము.

"కింద ఊట ఉండి ఉంటుంది" అన్నారు పాస్టరు గారు.

"మా ఇంటి వెనకా ఊట ఉంది అయ్యగారూ, దానికి పేడ వాసన రాదే!" అంది మాథాబో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సరే, పదండి. తాళం వేసేద్దాం."

"కాస్త ఆగండి అయ్యగారూ. నాకిక్కడ పనుంది" అన్నాను.

"మునిగిపోయే నేలకు అలుకేంటి మాపులే?"

"మునగనివ్వండి. నేను అలికాక మునగనివ్వండి."

"చనిపోయినవాళ్ళతో మనకు..."

"బతికుండగా పడ్డ బాకీయే అయ్యగారూ."

ఆయన నన్నూ ఆ నేలనూ మార్చిమార్చి చూసి, అందర్నీ బయటికి తీసుకెళ్ళారు. మాథాబో పశువుల దొడ్డిలోంచి పేడ, మట్టి, ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది.

"కొత్త లంగా పాడైపోతుందే."

"పాడైతే నీది ఇస్తావా?"

"నాది నీకు ఒక్క కాలికి కూడా పట్టదు" అంటూనే, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

అక్క ఆపిన చోటి నుంచి మోకాళ్ళ మీద మొదలుపెట్టాను. బయట పాట ఎత్తుకున్నారు. నేను ఒక్కో చాలు గీసినకొద్దీ, పక్కన ఆమె గీసిన చాలు ఒకటి ఆరి తెల్లబడుతోంది. చెవి దగ్గర ఎవరో మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. ప్రార్థన చేద్దామనుకున్నాను, మాటలు రాలేదు. చేతులు ఆపలేదు. ఇది విశ్వాసమేనా అని నన్ను అడిగితే ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

గోడ దాకా అలికి, అంచున నా అరచెయ్యి ఒత్తాను. పక్కన ఇంకో చేతికి చోటు వదిలాను. కాసేపు కూర్చున్నాను. ఏమీ జరగలేదు. బకెట్టు తీసుకుని బయటికి వచ్చేశాను.

పాస్టరు గారు కిటికీలు మూయడానికి లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి గాని రాలేదు.

"మాపులే, చెయ్యి ఒక్కసారే ఒత్తావా?"

"ఒక్కసారే అయ్యగారూ."

"పక్కన ఇంకోటి ఉంది."

పాట ఆగిపోయింది.

"దానికి ఉంగరం వేలు ఉందా?" అని అడిగాను.

ఆయన తన చేతివంక చూసుకున్నారు. "లేదు" అని మెల్లగా అని, తలుపు దగ్గరికి లాగి తాళం వేశారు.

బకెట్లో మిగిలిన నీళ్ళతో చేతులు కడుక్కున్నాను.