ల్యూడర్స్ గిడ్డంగికి రాని కొబ్బరి

"పోయినేడు మా ఊరెళ్లినప్పుడు చర్చిలో పెళ్లి చేసుకున్నాను. ఆవిడ రేపు ఓడ దిగుతుంది. నువ్వు వంటింటి వెనక గదిలోకి మారు. నీకేం తక్కువ చెయ్యను."

జర్మన్ వర్తకుడు ల్యూడర్స్ ఈ మాట మసినా ముఖం చూడకుండా చెప్పాడు.

వాళ్లది తొమ్మిదేళ్ల కాపురం. సమోవా వచ్చిన కొత్తలో అతనికి ఇక్కడి మాట ఒక్క ముక్క రాదు. మసినాయే నేర్పింది. ఎండుకొబ్బరి కోసం పడవలో ఊరూరా వెంట తిరిగి, పెద్దల ముందు అతని తరఫున మాట్లాడింది. ఆపియా రేవులో గిడ్డంగి ఉన్న నేల కూడా ఆమె పుట్టింటివాళ్లు అల్లుడని ఇచ్చిందే.

మర్నాడు ఓడ దిగిన ఆల్వినా, రాత్రి విందులో కెప్టెన్ల మధ్య కూర్చుని మసినాను చూపిస్తూ, "ఇదెవరు?" అని అడిగింది.

"వంటమనిషి," అన్నాడు ల్యూడర్స్ జర్మన్‌లో.

మసినా చేతిలోని పళ్లెం బల్లమీద ధడాలున పెట్టింది. "తొమ్మిదేళ్లూ వంటమనిషి పక్కలో పడుకున్నావా?" అంది, అదే భాషలో, అందరికీ వినబడేలా.

"దీన్ని బయటికి పంపు," అంది ఆల్వినా.

ఎవరూ పంపనక్కర్లేకపోయింది. పెళ్లికి సారెగా తెచ్చుకున్న చాపలు చుట్టుకుని మసినా అన్న ఊరు చేరింది. ఆ ఊరి పెద్ద ఆమె అన్న తువాలాయే. చుట్టుపక్కల పెద్దలంతా సభ కూడి, ఆనవాయితీగా కావా వేరు రసం తాగి, ల్యూడర్స్‌కు ఒక్క కాయ కూడా అమ్మకూడదని కట్టడి చేశారు.

గిడ్డంగి ఖాళీ అయ్యాక ల్యూడర్స్, అక్కడ చావుకు పట్టుకెళ్లే ఉప్పుమాంసం పీపా ఒకటి పడవలో వేసుకుని తువాలా ఇంటికి వచ్చాడు.

"ఏం బావా, పీపాతో దిగావు? ఎవరైనా పోయారా?" అన్నాడు తువాలా.

"మనం మనం బంధువులం. కట్టడి ఎత్తెయ్యి."

"ఏ వరసలో బంధువులం? వంటమనిషి మొగుడివనా?"

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. ల్యూడర్స్ ముఖం కందగడ్డయింది. "యుద్ధనౌకను పిలిపిస్తా! మీ ఇళ్లు తగలబెట్టిస్తా!"

సమోవా మాటలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆ మాటలన్నీ నేర్పిన మసినా ముందుకొచ్చింది.

"తగలబెట్టు. చెట్లూ తగలబెట్టు. బూడిద మీ ఊరికి ఎత్తుకుపోయి అమ్ముకో," అంది.

అతను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు రా చాలు. ఆవిణ్ణి..."

"ఆవిణ్ణేం చేస్తావు? వంటింటి వెనక పడేస్తావా?"

ఆమె చెయ్యి విదిలించుకుంది. కుర్రవాళ్లు పీపాను దొర్లించి అతని పడవలోకి నెట్టారు.

యుద్ధనౌక నిజంగానే వచ్చింది. దాని ఫిరంగులకు తువాలా ఇల్లు కాలిపోయింది. ఊరు కొండెక్కి దాక్కుంది గానీ కట్టడి సడలించలేదు. ఆల్వినా సిడ్నీ ఓడెక్కింది. సరుకు దొరక్క ల్యూడర్స్ గిడ్డంగిని నేలతో సహా ఒక ఇంగ్లీషువాడికి అమ్మేసి టోంగా పోయాడు.

ఆ ఇంగ్లీషువాడు నవ్వుతూ మసినా దగ్గరికొచ్చాడు. "ఊళ్లల్లో మా తరఫున మాట్లాడతావా అమ్మా?"

"ముందు మా నేల ఖాళీ చెయ్యి."

"దుడ్డు పెట్టి కొన్నాను. ఎందుకు చేస్తాను?"

ఆ వారమే కట్టడి అతని మీదా పడింది.