ఇరవై టన్నుల తలుపు

బాయిలర్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి, లోపమున్న ఒక్క బాయిలరుకైనా సంతకం పెట్టని మనిషి ఆయన. అటువంటి ఇన్‌స్పెక్టరుగారిని స్వయానా అల్లుడే టీవీ తెర మీద నవ్వులపాలు చేశాడు.

అల్లుడు రాసే సీరియల్‌లో ఒక అంతరిక్షనౌక ఉంది. దాని తలుపు బయటికి తెరుచుకునేది. బాయిలరు మూతను లోపలి వైపు నుంచి బిగిస్తారనీ, ఆవిరి ఎంత తన్నితే మూత అంత గట్టిగా కరుచుకుంటుందనీ, నౌక తలుపుకూ అదే న్యాయమనీ ఇన్‌స్పెక్టరుగారు ఒకనాడు భోజనాల దగ్గర విడమరిచి చెప్పారు. అల్లుడు బుద్ధిగా తలూపాడు. నెల తిరగకుండా సీరియల్‌లోకి తుప్పు పట్టిన ముసలి మరమనిషి ఒకడు దిగి, సందు దొరికినప్పుడల్లా "తలుపు లోపలికి తెరవాలి నాయనా!" అంటూ దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు, ఆ వేలు ఆడించడం అచ్చంగా ఈయనవే. చివరికి మంగలి సైతం, "సార్, మా షాపు తలుపు ఎటు తెరవమంటారు?" అని ఇకిలించాడు. ఆయన సగం గీసిన గడ్డంతోనే లేచి ఇంటికి వచ్చేశారు.

ఆ సీరియల్‌కు వెర్రి అభిమానులున్నారు. ఒక్కో దృశ్యాన్నీ పదిసార్లు ఆపి చూసి, తప్పు దొరికితే రచయితను ఇంటర్నెట్‌లో ఉతికి ఆరేసేవారు. తప్పులు రెండు వందలు దాటాక చానలు వారికి విసుగెత్తింది. ఇంకొక్కటి దొర్లితే రచయితను మారుస్తామనీ, రాబోయే భాగాన్ని విషయం తెలిసినవారు పరిశీలించి పేజీ పేజీకీ సంతకం చేయాలనీ తేల్చి చెప్పారు.

"మామయ్యగారూ, మీరే దిక్కు," అంటూ అల్లుడు కాగితాల కట్టతో వచ్చాడు. "తలుపు లోపలికే తిప్పేశాను, చూడండి."

"ఇప్పటికి తిరిగిందా నీ బుర్ర?"

"దెప్పండి, పడతాను. సంతకం మాత్రం పెట్టండి."

ముప్పై రెండో పేజీలో నాయిక, గది నిండా గాలి ఉండగానే, ఒంటి చేత్తో ఆ తలుపును లోపలికి లాగేస్తుంది. ఇన్‌స్పెక్టరుగారి పెన్సిలు అక్కడ ఆగింది. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు, అవతల శూన్యం. గాలి ఆ తలుపును ఇరవై టన్నుల బలంతో చట్రానికి అదిమి పట్టి ఉంటుంది. ఏనుగులు లాగినా కదలదు.

ఆయన పెన్సిలు పక్కన పెట్టి, కలం తీసి, నిదానంగా సంతకం చేశారు. ఆ పూట అన్నం ఎన్నడూ లేనంత హితవుగా ఉంది.

ప్రసారమైన మర్నాడు అభిమానులు కందిరీగల్లా లేచారు. "ఆ పిల్ల ఏం తింటోందిరా బాబూ, ఇరవై టన్నులు చిటికెలో లాగేసింది!" సాయంత్రానికి అల్లుడి కొలువు ఊడింది. ఇన్‌స్పెక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ ఒక్కో తిట్టునూ చప్పరిస్తూ చదివారు. ఇంతలో, భాగం చివర వేసే పేర్ల పట్టికలో సాంకేతిక పరిశీలన అన్న చోట ఆయన పేరును ఎవడో పట్టాడు. "ఈ తాతకి గాలి ఒత్తిడంటే ఏంటో తెలీదు. ఈయన చూసిన బాయిలర్లు పేలకపోవడం జనం అదృష్టం!"

ఆయనకు నోరు చేదెక్కింది. అప్పుడే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, ఆయన మిమ్మల్ని ఒక్క మాట కూడా అననివ్వట్లేదు. మా మామగారు పెద్దవారు, కళ్లకి ఆని ఉండదు, వదిలేయండని వాళ్లందరికీ రాశారు. మీరేం మనసులో పెట్టుకోకండి."

అల్లుడు క్షమించాడు! అదీ, చూపు ఆనని ముసలివాడని జాలిపడి. ఆ మాటకు ఊకొడితే చాలు, కూతురి దగ్గర గౌరవం దక్కేది.

"కళ్లకి ఆనకపోవడమేంటమ్మా? ముప్పై రెండో పేజీ, కింది నుంచి నాలుగో వరుస. పెన్సిలు ఆనించి మరీ చూశాను."

"చూసి కూడా... సంతకం పెట్టారా నాన్నా?"

"చూడకుండా నేనెన్నడైనా పెట్టానా?"

అదే సంగతి అభిమానులకూ రాసిపారేయడానికి ఆయన కంప్యూటరు ముందుకు కుర్చీ జరుపుకున్నారు. బల్ల మీద పెట్టిన ఫోనులో కూతురు ఇంకా ఏడుస్తూనే ఉంది.