మొదటి రేక

భార్య మనోరమ చచ్చిపోయినప్పుడు హీరాలాల్ వచ్చి శ్రీపాల్ నోటి చేదు తీయలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. పొద్దు పడమట కుంకుతుంది, హీరాలాల్‌కు స్నేహం విలువ తెలియదు. శ్రీపాల్ లెక్కలో రెండూ ఒకటే.

చావింటి మనిషి నోట్లో చేదు నిలిచిపోతుందంటారు ఆ చుట్టుపక్కల. దినాలు కాకముందే కావలసినవాళ్లు వచ్చి అతన్ని తాటివనానికి తీసుకుపోవాలి. తాటాకు మడిచి దొప్పలా కుట్టిన రేక చేతికిచ్చి, లొట్టి వంచి కల్లు పోసి తాగించాలి. అక్కడితో అతను మళ్లీ నలుగురిలో మనిషి. శ్రీపాల్ ఆ రోజులన్నీ వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురుచూశాడు. హీరాలాల్ రోజూ తండా నుంచి వచ్చాడు. కట్టెలు మోశాడు, బర్రెలకు గడ్డి వేశాడు, కల్లు మాట మాత్రం ఎత్తలేదు.

మనోరమ తమ్ముడు జితేందర్ తొర్రూరు నుంచి లొట్టి పట్టుకుని వచ్చిన మాట నిజమే. ఊరు ఇంకా లేవకముందే వచ్చాడు. శ్రీపాల్ గేటు తీయలేదు. అక్క దవాఖానలో మూలుగుతుంటే ఒక్కసారి తొంగిచూడనివాడు, చచ్చాక కల్లు మోసుకొస్తాడా? ఆ సంగతి శ్రీపాల్ ఎవరికీ చెప్పలేదు. కుక్కను అదిలిస్తే ఊళ్లో డప్పు కొట్టిస్తారా ఎవరైనా?

ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా అతను తాటివనం దారి తొక్కలేదు. హీరాలాల్ ఎదురుపడితే పక్క గట్టు ఎక్కేవాడు. అలాంటిది ఎండాకాలంలో ఒక సాయంత్రం ఉపేందర్ బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. ముగ్గురూ ఒకే బడిలో పలకలు పగలగొట్టుకున్నవాళ్లు.

"అన్నా, హీరాలాల్ బిడ్డ మౌనికకు నర్సు నౌకరి అచ్చింది. దావత్ పెద్దగేం లేదు, మన దోస్తులకే ఇంత కల్లు తాపుతుండు. నిన్ను తప్పకుంట తీసుకరమ్మన్నడు."

"ఏడాది సంది లేని యాది ఇయ్యాల ఎట్లొచ్చింది?"

"గదేదో ఆయన్నే అడుగు. ఎక్కు జర, పెట్రోల్ నీళ్లు గాదు."

శ్రీపాల్ ఎక్కాడు. సంబరానికి కాదు. దారిలో వైన్స్ దగ్గర బండి ఆపించి, అక్కడున్నవాటిలో ఖరీదైన సీసా ఒకటి కొని సంచిలో వేసుకున్నాడు. హీరాలాల్ కల్లు ముందు దాన్ని పెట్టుకుని తాగాలి. అంతకంటే వేరే పని లేదు అక్కడ.

తాటిచెట్ల నీడలో గోనెసంచులు పరిచి ఉన్నాయి. అప్పుడే దించిన లొట్లు రెండు, మూతుల దాకా నురగ. బోటికూర కుతకుత ఉడుకుతోంది. మౌనిక తాలింపు వేసిన శనగ గుడాలు పళ్లెంలో తెచ్చి "తిను పెద్దబాపు" అంది. బిడ్డ కళ్లు మెరుస్తున్నాయి. శ్రీపాల్ పళ్లెం పక్కకు జరిపాడు.

కల్లు నిండుగా ఉన్నా ఎవరూ ముట్టలేదు.

"కొంగల లెక్క సూసుకుంట కూసునుడేంది? గొంతు ఎండి బెరడయింది, పొయ్యరాదే" అన్నాడు ఉపేందర్.

"జర ఆగురా. ఇంకొక్క మనిషి రావాలె" అన్నాడు హీరాలాల్. రేకలు కుడుతూ మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు.

శ్రీపాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తనను కూర్చోబెట్టి ఇంకెవరికోసమో ఎదురుచూస్తున్నాడు. "ఎవలు? ఎమ్మెల్యేనా?"

"నీకంటె పెద్దోడేం గాదన్నా. అచ్చినంక సూద్దువు."

శ్రీపాల్ సంచిలోంచి సీసా తీసి లొట్ల మధ్య పెట్టాడు. "మీరు ఆగుర్రి. నా పెండ్లాం సచ్చిననాడు గుక్కెడు కల్లు పొయ్యనోని చేతి కల్లు నేను తాగ. ఆమెను నీ ఆటోల దవాఖానకు ఏసుకపోతివి, కిరాయి కోసమే అనుకోవాలె ఇగ. తండోళ్ల దోస్తానా తాటాకు మంట అని మా నాయిన ఊకె అన్లే."

మౌనిక చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. హీరాలాల్ రేక కుట్టడం ఆపలేదు గాని ఈనె పుల్ల వేలిలో దిగింది.

"నోరు సూసి మాట్లాడు అన్నా" అన్నాడు ఉపేందర్. "ఏడాది సంది ఈయన చుక్క ముట్టలే. సొంత అన్న కొడుకు పెండ్లిల గూడ ముట్టలే. ఎవలి కోసమనుకుంటున్నవ్?"

"ఎవలు ముట్టొద్దన్నరు?"

అప్పుడు హీరాలాల్ తలెత్తాడు. కోపం లేదు మొహంలో. ఉంటే బాగుండేది.

"మొదటి రేక పోయినామె తోడబుట్టినోడు పొయ్యాలన్నా. మా ఇండ్లల్ల గంతే. ఆయినకంటె ముంగట నేను పోస్తే, మనోరమ వదినెకు పుట్టిల్లు లేదని నేనే అన్నట్టు. జితేందర్ పోసిండన్న మాట ఏ దిక్కు నుంచి ఇనరాలే. నిన్ను అడుగుడెట్ల? నీ బామ్మర్ది రాలేదా అని సావింట్ల అడిగితే ఎత్తిపొడిసినట్టే గదా. నీకు పొయ్యంది నేనెట్ల తాగుత? అందుకే నిన్న తొర్రూరు పోయిన. బతిమిలాడిన. తలకాయ దించుకోని అస్తనన్నడు, ఇంక ఏం జెప్పలే. ఇయ్యాల బిడ్డ పేరు మీదనన్న ఆ చేదు తీసేద్దామని."

ఇంతలో రోడ్డు మీద బండి ఆగింది. జితేందర్ లొట్టి చంకన పెట్టుకుని గట్టు దిగాడు. ఇక్కడ ఏం నడిచిందో అతనికి తెలియదు. భయం దాచుకోవడానికి నవ్వుతున్నాడు.

"బావా, ఈసారన్న తాగుతవా, మళ్ల గేటు ఏస్తవా?"

"ఏ గేటు?" అన్నాడు హీరాలాల్.

"ఐదో దినం తెచ్చిన గదా. ఎంత పిలిచినా తియ్యలే. నా తప్పున్నది, కాదన. అక్కను సూడ పోకపోతి. గేటు కాడనే పారబోసి ఏడ్సుకుంట పోయిన. మీకు తెల్వదా?"

తెలియదని అందరి మొహాలూ చెప్పాయి. ఉపేందర్ నేలకేసి చూశాడు. హీరాలాల్ మాత్రం శ్రీపాల్‌నే చూశాడు, అచ్చు తప్పిన లెక్కను పిల్లవాడు చూసినట్టు.

మనోరమకు పుట్టిల్లు లేకుండా చేసింది ఎవరో ఎవరూ అనలేదు. అనే పని పడలేదు.

శ్రీపాల్ గొంతుక్కూర్చుని రేక పట్టాడు. జితేందర్ పోసిన కల్లు సగం నోట్లోకి, సగం మోచేతుల మీదుగా అంగీలోకి పోయింది. నోట్లోది గుటక వేశాడు. తియ్యగానే ఉండి ఉండాలి, లేత కల్లు. అతనికి రుచి తెలియలేదు.

రెండో రేక హీరాలాల్ పోశాడు. ఒక్క చుక్క కింద పడనీయకుండా, మర్యాదగా.

"పట్టుర్రి పటేలా."

ఊళ్లో ఆసాముల్ని పిలిచే పిలుపు అది. బడి నాటి నుంచి ఆ నోట 'అన్నా' తప్ప ఇంకో పిలుపు శ్రీపాల్ వినలేదు. 'మీరు' అనడమూ వినలేదు. మౌనిక కూర వడ్డించింది, కొసరి వడ్డించింది. పెద్దబాపు అనలేదు.

తర్వాత వాళ్లంతా తాగారు. ఏడాది తర్వాత మొదటి గుక్కకు హీరాలాల్‌కు పొలమారింది. "బిడ్డా, నీ మొదటి సూది నాకే ఎయ్యాలె" అని ఉపేందర్ అంటే, "నీ తోలుకు దబ్బనం కావాలె మామా" అంది మౌనిక. నవ్వుకున్నారు. శ్రీపాల్ వాళ్ల మధ్యే కూర్చున్నాడు. తప్పయిందన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది, పటేలు నోరు దాన్ని వెనక్కి మింగింది. చీకటి పడకముందే లేచి, ఉపేందర్ బండి వద్దని పొలాల గుండా నడిచి పోయాడు.

వారం తిరక్కముందే ఉపేందర్ వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు వానల సంగతి మాట్లాడాడు. ఆఖరుకు, "హీరాలాల్ మంచోడన్నా. నువ్వు ఒక్క మాట అంటే..." అన్నాడు.

"ఉపేందరూ, వానల గురించి ఎంతసేపన్న మాట్లాడు" అన్నాడు శ్రీపాల్. "గా ముచ్చట మాత్రం నేను సచ్చిందాక నా ముంగట తియ్యకు. నేనూ తియ్య."

అన్నట్టే, మళ్లీ ఎన్నడూ తీయలేదు.