పదకొండు గంటల వాన

రియాద్‌లో మలాజ్ పేటలో ఉండే మెదింగ్ రోజూ పొద్దున తొమ్మిదిన్నరకల్లా బజారుకి బయల్దేరేది. పదకొండింటికి ఆమె మీద వాన పడుతుంది. ఆ వేళకి ఏ బియ్యం కొట్లోనో, బట్టల దుకాణంలోనో ఉంటే బాగుండదు. అందుకని ముందు బియ్యం, పంచదార, సబ్బులు కొనేసి, పదకొండుకి ఇంకా అయిదు నిమిషాలుందనగా చేపల బజారుకి చేరేది. అక్కడ నేల ఎటూ తడే.

ఆ వాన ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవి నుంచి ఆమె వెంట వచ్చింది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రం నాలుగింటికి ఒక జల్లు పడేది. విమానం దిగిన మర్నాడు మెదింగ్ తన గడియారాన్ని అయిదు గంటలు వెనక్కి తిప్పుకుంది. వాన తిప్పుకోలేదు. అక్కడ నాలుగైతే ఇక్కడ పదకొండు. సరిగ్గా ఆ వేళకి ఆమె నెత్తిన గొడుగంత మబ్బు చేరి, పావుగంట కురిసి పోయేది. ఆ నీళ్ళు కాస్త ఉప్పగా, సముద్రం వాసనతో ఉండేవి.

బజారువాళ్ళు తొందరగానే అలవాటుపడ్డారు. చేపలమ్మే యెమెన్ ముసలాయన ఆమెని చూడగానే తక్కెడ మీద గోనె కప్పి, పాలబొంత చేపల గంప పక్కన నిలబడమనేవాడు. ఆ రోజు వాటికి వేరే నీళ్ళు చల్లే పనుండేది కాదు. వాన వెలిశాక మెదింగ్ బురఖా అంచు పిండుకుని, ఆకుకూరల దగ్గర తూటికూరా మునగాకూ ఏరుకుని, మధ్యాహ్నం నమాజుకి కొట్లన్నీ మూసేలోపు చింతపండు కూడా తీసుకుని ఇంటిదారి పట్టేది. మూసేశాక అరగంట మెట్ల మీద కూర్చోవాలి. మొదట్లో అలా చాలాసార్లు కూర్చుంది. ఇప్పుడు ఆ లెక్క ఆమెకి కరతలామలకం.

భర్త డెల్ఫిన్ ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేస్తాడు. ఆరేళ్ళు ఒంటరిగా ఉండి, రెండేళ్ళ కిందటే భార్యనీ, పదకొండేళ్ళ కూతురు లిగాయానీ తెచ్చుకున్నాడు. మెత్తని మనిషి. పై అధికారి పిలిస్తే చొక్కా గుండీ పెట్టుకుని వెళ్ళే రకం. మెదింగ్ అలాంటిది కాదు. మెట్ల మీద నీళ్ళు కారుతున్నాయి, ఆ వానని ఎలాగైనా మానిపించమని వాళ్ళుండే మేడ యజమాని ఒకసారి గట్టిగా అన్నాడు. చెప్పి చూశాననీ, అది తనలాగే మొండిదనీ జవాబిచ్చి, బకెట్టూ గుడ్డా తెచ్చి మూడంతస్తుల మెట్లూ తుడిచింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక శనివారం పచ్చి మిరపకాయల దగ్గర బేరం సాగి ఆలస్యమైంది. చేపల బజారుకి పోయే సందులో ఉండగానే వాన అందుకుంది. మెదింగ్ సంచులు దించి, అక్కడే ఒక పెద్ద ఇంటి ఇనప గేటు ముందు నిలబడిపోయింది. గేటుకి బయట తాళం వేసి ఉంది. నీళ్ళు గేటు కింది సందులోంచి లోపలికి పారుతున్నాయి. కాసేపటికి ఆ సందులోంచి నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి. నీళ్ళలో తడిసి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చాయి.

"ఇది మా సముద్రం వాసన," అంది లోపలి గొంతు, సమార్ యాసలో. "బయట ఎవరు?"

మెదింగ్ తడి నేల మీద గొంతుక్కూర్చుంది. "మీ సముద్రమే. మాదీ అదే. నీ పేరేంటమ్మా?"

ఆ పిల్ల పేరు సాబెల్. ఇరవై మూడేళ్ళు. ఇద్దరు పిల్లల్ని చూసుకోడానికి రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చింది. ఆ రెండేళ్ళూ అయిపోయి ఎనిమిది నెలలైంది. పంపించమని అడిగినప్పుడల్లా రంజాన్ వెళ్ళనీ అంటారు, పిల్లల పరీక్షలు కానీ అంటారు. ఇంటాయన ఆఫీసుకి, ఇంటావిడ బడిలో పాఠాలు చెప్పడానికి, పిల్లలు చదువుకోడానికి వెళ్తారు. వెళ్తూ గేటుకి బయట తాళం వేస్తారు.

"కొట్టరు ఆతే, తిట్టరు," అంది. ఆతే అంటే అక్క. "తిండి పెడతారు. పండక్కి బట్టలు కూడా ఇచ్చారు. తాళం వేస్తారు, అంతే."

మెదింగ్ ఇంటికెళ్ళి ఆ మధ్యాహ్నం పులుసు మాడబెట్టింది. మర్నాడు టాక్సీ కట్టించుకుని, ఆపదలో ఉన్న ఆడవాళ్ళకోసం తమ దేశంవాళ్ళు నడిపే ఆశ్రయానికి వెళ్ళింది. అక్కడి పెద్దావిడ అంతా ఓపిగ్గా విని, ఆ అమ్మాయి ఈ గుమ్మం దాటి లోపలికొస్తే చాలు, ఊరికి పంపే బాధ్యత తనదని మాటిచ్చింది. కానీ తాము వెళ్ళి ఒకరి తాళం పగలగొట్టి తేలేమని చెప్పింది. అది న్యాయమే. మెదింగ్ తిరిగొస్తూ దారంతా తాళం గురించే ఆలోచించింది. పాత ఇనప తాళం. ఇక్కడి పొడి గాలికి ఇనుముకి తుప్పు పట్టదు. నూరేళ్ళైనా అలాగే ఉంటుంది, వాన పడితే తప్ప.

ఆ మర్నాటి నుంచి ఆమె చేపల బజారుకి ముందే వెళ్ళి, పదకొండుకల్లా ఆ గేటు ముందు ఉండేది. తాళానికి జానెడు దూరంలో, గేటుకి వీపు ఆనించి నిలబడేది. వాన తాళం మీద పడేది. లోపల్నుంచి సాబెల్ ఊరి కబుర్లు అడిగేది. మెదింగ్ గేటు కింద నుంచి ఎండుచేపల పొట్లం, అరటాకులో కట్టిన జిగురుబియ్యం ముద్ద జార్చేది. తాళాన్ని మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు.

ఆ గేటుకెదురుగా చాప పరుచుకుని, గోరింటాకూ సాంబ్రాణీ అమ్మే ముసలావిడ ఉండేది. కొడుకు పేరు రాకాన్ కాబట్టి అందరూ ఆవిడని ఉమ్ రాకాన్, అంటే రాకాన్ అమ్మ, అనేవాళ్ళు. మూడో రోజు ఆవిడ లేచి వచ్చి, మెదింగ్ పక్కన ఒక రేకు డబ్బా పెట్టి వెళ్ళింది. జారే నీళ్ళు అందులో పట్టి తన పుదీనా కుండీకి పోసుకునేది. ఎందుకు నిలబడుతున్నావని అడగలేదు. నాలుగో రోజు డబ్బాతో పాటు ఒక గ్లాసు టీ కూడా తెచ్చింది.

మూడు వారాలకి తాళం ఎర్రబడింది. నాలుగో వారంలో పొలుసులు రాలసాగాయి. అయిదో వారం శనివారం మెదింగ్ వెళ్ళేసరికి ఆ తాళం లేదు. దాని స్థానంలో పిడికెడంత ఇత్తడి తాళం ధగధగా మెరుస్తోంది. గేటు పక్కన ఇంటి యజమాని నిలబడి ఉన్నాడు.

"రోజూ ఇక్కడెందుకు నిలబడుతున్నావ్?" అని అడిగాడు.

"సంచులు బరువండి. చెయ్యి మార్చుకోడానికి ఆగుతున్నా."

"పావుగంటసేపా?"

"వాన వెలిసేదాకా."

"రేపట్నుంచి ఇంకో సందులో ఆగు."

"ఈ సందు ఊరందరిదీ కదండీ," అంది మెదింగ్. అప్పటికి పదకొండైంది. ఆయన చూస్తుండగానే వాన మొదలైంది. ఆయన చెప్పులు తడుస్తుంటే రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె కదల్లేదు.

ఇంటికొచ్చాక మాత్రం సంచులు విప్పకుండా గుమ్మంలోనే పెట్టేసింది. ఇత్తడికి తుప్పేం పడుతుంది? సాయంత్రానికి డెల్ఫిన్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఆ గేటు యజమాని వీళ్ళుండే మేడ యజమానికి చెప్పడం, ఆయన ఆసుపత్రిలో తనకి తెలిసినవాళ్ళ చెవిన వెయ్యడం, అక్కడ డెల్ఫిన్‌ని పిలిచి మాట్లాడటం అన్నీ ఒక్కరోజులోనే అయిపోయాయి.

"మనం ఇక్కడ ఒకరి సంతకం మీద బతుకుతున్నాం మెదింగ్," అన్నాడు. "ఆ సంతకం వెనక్కి తీసుకుంటే నా ఉద్యోగం, పిల్ల చదువు, అన్నీ పోతాయి."

"నిజమే. కానీ వాన మీద ఎవరి సంతకమూ లేదు."

"నువ్వు చాలించు."

"ఆ పిల్ల చెయ్యి గేటు కింద నుంచి రోజూ బయటికొస్తుంది. రేపు వచ్చినప్పుడు అక్కడ నేను లేకపోతే, పోనీ నువ్వెళ్ళి చెప్పు, మెదింగ్ చాలించిందని."

డెల్ఫిన్ కంచం పక్కకి జరిపాడు. ముగ్గురి ముందూ అన్నం చల్లారిపోయింది. అప్పుడు లిగాయా, "తాళం ఇత్తడిదైతే ఏంటి నానాయ్? అది వేలాడే కొక్కెం ఇనపదేగా," అంది. నానాయ్ అంటే అమ్మ. తల్లి ఆ పిల్ల మొహంకేసి అలాగే చూసి, లేచి అన్నం వేడి చేసింది.

మర్నాటి నుంచి మెదింగ్ నిలబడే చోటు బెత్తెడు పక్కకి మారింది. యజమాని ఇంకో రెండుసార్లు కోప్పడ్డాడు. ఒకసారి గేటు ముందు పెద్ద పూలకుండీలు పెట్టించి దారి మూశాడు. ఆమె ఆ కుండీల మధ్యనే ఇరుక్కుని నిలబడింది. వారం తిరిగేసరికి మొక్కలు మూరెడేసి ఎదిగి పూశాయి. వాటిని చూడ్డానికి జనం ఆగుతుంటే, ఆయనే వాటిని తీయించేశాడు.

గురువారం డెల్ఫిన్‌కి సెలవు. సంచులు తను మోస్తానని వెంట వచ్చాడు. గేటు దాకా వచ్చి, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ భార్య పక్కన నిలబడ్డాడు. వాన ఇద్దరి మీదా పడింది. లోపల్నుంచి సాబెల్, "ఇవాళ ఎవరో దగ్గుతున్నారు, ఎవరు ఆతే?" అంది. మా ఆయన, అంది మెదింగ్. అయితే ఆయనకి అల్లం టీ పెట్టివ్వమంది సాబెల్, తనే పెట్టిచ్చేదట, కానీ గ్లాసు గేటు కింద పట్టదంది. డెల్ఫిన్ దగ్గడం ఆపేశాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి, వంగి, చేతులు వెనక్కి కట్టుకుని కొక్కెం వంక చాలాసేపు చూశాడు. యంత్రాల్ని చూసినట్టే చూశాడు.

"లోపలి వంపు దగ్గర సగం తినేసింది," అన్నాడు మెల్లిగా. "ఇంకో పదిరోజులు."

తొమ్మిదో రోజు శనివారం. పదకొండూ అయిదుకి సాబెల్ రోజూ లాగే గేటు పట్టుకుని లోపల్నుంచి ఒక గుంజు గుంజింది. కొక్కెం అప్పడంలా విరిగింది. ఇత్తడి తాళం ఠంగుమని రాళ్ళ మీద పడింది. గేటు తెరుచుకుంది.

మెదింగ్ ఆ పిల్లని అప్పుడే మొదటిసారి చూసింది. చామనఛాయ, చిన్న చుబుకం, చేతిలో గరిటె. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడిపోయారు. మెదింగ్ చెయ్యి చాపింది.

"ఉండు ఆతే, పొయ్యి మీద అన్నం ఉంది," అని సాబెల్ లోపలికి పరిగెత్తింది.

మెదింగ్ సందు చివరికేసి చూస్తూ నిలబడింది. ఆ పిల్ల పొయ్యి ఆర్పింది. పిల్లల భోజనం మూతపెట్టి బల్ల మీద ఉంచింది. చిన్నవాడికి మందు ఏ వేళకి వెయ్యాలో గోడకి చీటీ అంటించింది. ఇదంతా ఆమె తర్వాత చెప్పింది. అప్పటికి మాత్రం ఆ రెండు నిమిషాలూ మెదింగ్‌కి రెండేళ్ళ మీద ఎనిమిది నెలల్లా గడిచాయి. సాబెల్ ఒక చిన్న మూటతో తిరిగొచ్చి గడప దాటింది. ఎదురుగా చాప మీదున్న ఉమ్ రాకాన్ లేచి, రోడ్డు మీద ఒక టాక్సీని చేత్తో ఆపింది.

"ఎక్కు, తొందరగా," అంది మెదింగ్.

సాబెల్ ఎక్కలేదు. సందు నడిమధ్య, తల మీద గుడ్డైనా లేకుండా, మొహం పైకెత్తి నిలబడింది. "ఇది వెలిసేదాకా కదలను," అంది. "వాళ్ళొస్తే రానీ. నేనేం దొంగతనం చెయ్యలేదు. నా రెండేళ్ళూ నేను పని చేశాను."

మెదింగ్ మబ్బు ఇద్దరికీ సరిపోయేలా ఆమెకి దగ్గరగా జరిగింది. టాక్సీ అతను ఇంజను ఆపేసి కూర్చున్నాడు. పదకొండుంబావుకి వాన వెలిసింది. ఉమ్ రాకాన్ తన మూటలోంచి చీరంత పొడుగాటి నల్ల ముసుగు ఒకటి తీసి, సాబెల్ తడిజుట్టు గట్టిగా తుడిచి, దాన్నే భుజాల చుట్టూ కప్పి బండెక్కించింది.

మధ్యాహ్నం ఆ గేటు యజమాని మెదింగ్ వాళ్ళ మేడకి వచ్చి కేకలేశాడు. భోజనానికి ఇంటికొచ్చిన డెల్ఫిన్ ఆ రోజు చొక్కా గుండీ పెట్టుకోలేదు. తలుపు దగ్గరికెళ్ళి, తన భార్య ఆ తాళం ముట్టుకున్నట్టు చూసినవాళ్ళుంటే తీసుకురమ్మన్నాడు. యజమాని వెళ్ళి ఉమ్ రాకాన్‌ని అడిగాడు.

ఆవిడ సాంబ్రాణి పొట్లాలు కట్టడం ఆపలేదు. "నీ గేటు పెట్టకముందు నుంచీ నేనిక్కడే కూర్చుంటున్నా," అంది. "ఏ చెయ్యీ దాన్ని ముట్టుకోలేదు. నీ తాళం చూసుకో, వేసింది వేసినట్టే ఉంది."

అది నిజమే. తాళం రాళ్ళ మీద చెక్కుచెదరకుండా పడి ఉంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి, ఏం చెయ్యాలో తెలియక జేబులో వేసుకుని లోపలికి పోయాడు.

ఆసుపత్రిలో డెల్ఫిన్‌ని ఇంకోసారి పిలిచారు. ఏం రాసుకోవాలో వాళ్ళకీ తోచలేదు. ఫిలిప్పీన్స్ మహిళ, సందులో నిలబడెను, వాన కురిసెను అని రాసి, ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. ఏడు వారాలకి ఆశ్రయంవాళ్ళు సాబెల్‌ని విమానం ఎక్కించారు. ఊరు చేరాక ఫోన్ చేసి, బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగైందనీ, గొడుగు లేక మొత్తం తడిసిపోయాననీ చెప్పింది. చెబుతూ నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాతి శనివారం మెదింగ్ బజారుకి వస్తే, సందులో ఉమ్ రాకాన్ చాప కనిపించలేదు. చేపలమ్మే యెమెన్ ముసలాయనని అడిగింది. ఆవిడ మూడో వీధిలోకి మారిందనీ, అక్కడ బయట తాళం వేసిన ఒక ఆకుపచ్చ గేటుకెదురుగా కూర్చుంటోందనీ ఆయన చెప్పాడు.

మెదింగ్ గడియారం చూసుకుంది. పదకొండుకి ఇంకా పది నిమిషాలుంది. రెండు పాలబొంతలు తూయించుకుని, సంచి భుజానికి తగిలించుకుని, మూడో వీధి వైపు నడిచింది.